మల్లె విరగబూయాలంటే కత్తిరింపు తప్పదు

పినపాక: ఇంటి ముంగిట కుండీలో మల్లె ఏపుగా పెరుగుతుంది. వేసవి వచ్చినా నాలుగు మొగ్గలకు మించి వేయదు. ఎరువు చాలలేదనుకుని మరికొంత పేడ వేస్తారు. లోపం చాలాసార్లు ఎరువులో కాక కత్తిరింపులో ఉంటుంది. మల్లె, గులాబీ, మందారం కొత్త చిగుళ్లపైనే పూస్తాయి. పాత కొమ్మలను అలాగే వదిలేస్తే, కుండీలోని కొద్దిపాటి మట్టిసారం ఆకులకే సరిపోతుంది.

మల్లెకు నవంబరు చివరి నుంచి జనవరి వరకు అనువైన కాలం. ముందుగా కొద్దిరోజులు నీరు తగ్గించాలి. తోటల్లో మాదిరిగా పూర్తిగా ఎండగట్టరాదు. కుండీ మట్టి తొందరగా ఆరిపోతుంది. తర్వాత ఆకు దూసి, నేల నుంచి 45-50 సెంటీమీటర్ల ఎత్తున కొమ్మలను కత్తిరించాలి. చిన్న కుండీ అయితే ఇంకా కిందికి కోసినా ఫరవాలేదు. ఎండిన, తెగులు సోకిన కొమ్మలను మొదలంటా తీసివేయాలి. పైమట్టిని గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెడితే ఫిబ్రవరి, మార్చి నుంచి మొగ్గ కడుతుంది. ఒక ఏడాది మే నెల ఎండల్లో ఈ విలేకరి కొడవలితో కోసిన మల్లె మళ్లీ చిగురించనే లేదు. కొమ్మను చీల్చని పదునైన సికేచరే వాడాలి.

గులాబీని వానలు వెనుదిరిగాక, అక్టోబరులో కత్తిరించడం మేలు. బయటివైపు చూసే మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోసి, గాయానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి. అంటు కట్టిన చోటుకు దిగువన వచ్చే కొమ్మలు ఎంత బలంగా ఉన్నా ఉంచరాదు. అవి అడవి గులాబీవి, అంటును మింగేస్తాయి. మందారానికి పిండినల్లి పడితే ఆ కొనలను తుంచి దూరంగా కాల్చివేయాలి. నూరువరహాలకు పూత అయిన వెంటనే కొనలు తీస్తే చాలు.

గన్నేరు సంగతి వేరు. దాని ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ గుండెపై పనిచేసే విషమే. ఎండినా విషం పోదు. కోసిన రెమ్మలను దడి పక్కన పడవేస్తే మేకలు, పశువులు తిని ప్రాణాలు కోల్పోతాయి. కొన్ని ఆకులైనా ప్రమాదమే. ఎండుపుల్లలను వంటపొయ్యిలో పెట్టరాదు, పొగ కూడా హానికరం. రెమ్మలను గుంత తీసి పూడ్చి, చేతులను, సికేచరును సబ్బుతో కడగాలి.