గాలి పోయే తొవ్వ

బాలానగర్‌లో రేకుల షెడ్డు. బయట జులై ముసురు. లోపలికి అడుగు పెట్టగానే వాక్యూమ్ పంపు మోత చెవిన పడుతుంది. మీ జేబులో పాత వాల్వ్ రేడియో నాబ్ ఉంది. రెండో నాబ్ ఎప్పుడో పోయింది. దీన్ని చూసి దీనికి జోడీ పుట్టించాలి.

మేస్త్రీ నాబ్‌ని వెలుతురులో తిప్పి చూస్తాడు. బేకలైట్. 1907లో లియో బేక్‌లాండ్ ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి చేసిన ప్లాస్టిక్. దానికి ఉక్కు అచ్చు కావాలి, వేడి కావాలి, ప్రెస్సు కావాలి. ఒక్క నాబ్ కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు? ద్రవ రెజిన్‌కి రబ్బరు అచ్చు చాలు. నాకు ఈ పని మీద గౌరవం అందుకే. కంపెనీలు వదిలేసిన వస్తువుకి ఇది మళ్లీ ప్రాణం పోస్తుంది.

మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు నాబ్ వెనక సగాన్ని మట్టిలో కూర్చి, చుట్టూ చిన్న గుంటలు నొక్కుతున్నాడు. అచ్చు రెండు భాగాలూ రేపు కదలకుండా కలుసుకోవడానికి ఈ గుంటలే ఆధారం. మట్టిలో గంధకం ఉండకూడదు. ఉంటే అచ్చుకి పోసే ప్లాటినం సిలికాన్ రబ్బరు దాన్ని తాకిన చోట ఎన్నాళ్లున్నా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. లేటెక్స్ గ్లవ్స్‌తోనూ అదే తంటా. అందుకే అతని చేతికి నైట్రైల్ గ్లవ్స్.

నూరు గ్రాముల సిలికాన్‌కి పది గ్రాముల హార్డెనర్. కలిపిన గిన్నెని వాక్యూమ్ చాంబర్‌లో పెడితే పాలు పొంగినట్టు పైకి లేస్తుంది, అంచుదాకా వచ్చి ఒక్కసారిగా కుంగుతుంది. అందుకే గిన్నె నాలుగింతలు పెద్దది. ఇప్పుడు సన్నని ధారగా, ఒక మూల నుంచి పోస్తాడు. నాబ్ మీద నేరుగా పోయడు.

మొదటి సగం గట్టిపడ్డాక మట్టి తీసి, వాసెలిన్ పూసి, రెండో సగం పోస్తారు. వాసెలిన్ మరిస్తే రెండూ ఒకే ముద్ద.

మర్నాడు మీరు వచ్చేసరికి మేస్త్రీ అచ్చు వెనక భాగంలో కత్తితో కాలువలు కోస్తున్నాడు.

“గాలి ఏడికెళ్లి పోతదో ముందుగాల సూడాలె తమ్మీ. రెజిన్ తొవ్వ అదే ఎతుక్కుంటది.”

ఈ పనంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నాబ్ ముఖం కిందికి, వెనకభాగం పైకి ఉండేలా అచ్చు నిలబెడతారు. బుడగ పైకే పోతుంది కాబట్టి, మిగిలినా కనపడని చోటే మిగలాలి.

పాలియురెథేన్ రెజిన్ డబ్బా మూత తీసిన వెంటనే పోసుకుని బిగించేస్తాడు. అందులోని ఐసోసైనేట్‌కి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, వస్తువంతా నురగవుతుంది. కర్రపుల్లలోనూ తేమ ఉంటుంది, కలపడానికి ప్లాస్టిక్ పుల్లే వాడతాడు. రెజిన్‌లోని ఏ, బి భాగాలు సమాన బరువు, బి భాగంలో ముందే కలిపిన గోధుమరంగు. గిన్నె గోడలు గీకి మరీ కలుపుతాడు. మూడు నిమిషాలే గడువు. ఏప్రిల్ ఎండలో అయితే అదీ ఉండదు.

ఒక కన్నంలో పోస్తుంటే, రెండో కన్నంలోంచి గోధుమరంగు చుక్క తొంగిచూస్తుంది. వెంటనే అచ్చుని ప్రెషర్ ట్యాంకులో పెట్టి 60 పీఎస్ఐ ఎక్కిస్తాడు. మిగిలిన బుడగలు అయిదో వంతుకి నలిగిపోతాయి. రెజిన్ మిగిలిన గిన్నెని బయట నుంచి తాకి చూడండి, చెయ్యి చుర్రుమంటుంది. గట్టిపడే రసాయన చర్యలో పుట్టిన వేడి అది.

అచ్చు విప్పితే నాబ్ ఊడి మీ అరచేతిలో పడుతుంది. పాతదాని మీద ఉన్న గోటి గీత కూడా దిగింది.

ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకి ఒక విన్నపం. ఐసోసైనేట్ ఆవిరి ఒంటికి సరిపడకపోతే ఆస్తమా పట్టుకుంటుంది, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. రసాయన ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు కొనుక్కోండి, కిటికీలు తెరవండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.