పెద్దపల్లి లావా రాళ్లు: కేజీఎఫ్ పక్కనే చూడదగ్గ చోటు

కర్ణాటకలోని కోలారు జిల్లాలో, కేజీఎఫ్ దగ్గర పెద్దపల్లి అనే ఊరుంది. పేరులోనే మన తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి అగ్నిపర్వత శిలలను భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది.

పొగలు కక్కే కొండ కోసం వెతకొద్దు. బూడిద గట్టిపడి రాయిగా మారిన చోట వేరే రాళ్ల ముక్కలు ఇరుక్కుని కనిపిస్తాయి. నీటి అడుగున చల్లబడిన లావా దిండ్ల ఆకారంలో గడ్డకట్టింది. ఈ శిలల వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. కేజీఎఫ్ బంగారం దొరికింది కూడా ఇలాంటి పాత లావా రాళ్ల పగుళ్లలో ఏర్పడిన తెల్లటి పలుగురాతి చారల్లోనే. దానికోసం మనవాళ్లు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 2001లో గనులు మూతపడ్డాయి. బంగారం పుట్టుక కథ చెప్పే రాళ్లు మాత్రం నేలమీదే ఉన్నాయి.

బంగారపేట నుంచి మారికుప్పం వరకు రైలుంది, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. నీళ్లు, టోపీ తీసుకుని పొద్దున్నే వెళ్లడం మంచిది. పాత గనుల్లోకి దిగొద్దు, సైనైడ్ దిబ్బలు ఎక్కొద్దు. గుర్తుగా ఒక్క ముక్క కూడా పగలగొట్టొద్దు. పగిలిన రాయి మళ్లీ పెరగదు. మనం ఫొటోలు తెచ్చుకుందాం, రాళ్లను పిల్లలకు ఉంచుదాం.