రక్షణ – శిష్యత్వము

రక్షణ యనగా, క్రైస్తవ సిద్ధాంతము ననుసరించి, పాపబంధమునుండి క్రీస్తు మూలమున మానవునకు లభించు విమోచనము. శిష్యత్వ మనగా, బంధువర్గమును కలిమిని సైతము వెనుకకు నెట్టి ఆయన ననుసరించు జీవితవ్రతము. మొదటిది వెలలేని వరమనియు, రెండవది వెల లెక్కచూచుకొని పూనవలసిన కార్యమనియు సువార్తలే పలుకుటచే, శిష్యత్వము రక్షణకు నిబంధనమా, ఫలమా యను చర్చ బయలుదేరినది. మతసంస్కర్త లూథరు (1483–1546) రక్షణకు విశ్వాసమే చాలుననెను. ఆయన సంప్రదాయమువాడే యగు జర్మను వేదాంతి బోన్‌హోఫరు, అనుసరణము కోరని కృప చౌక సరకని 1937లో వెలువడిన తన గ్రంథమున నిరసించెను.

విశ్వసించుటకును అనుసరించుటకును గల యెడము వంటిదే మాట యిచ్చుటకును మాటపై నిలుచుటకును గల యెడము; అది కాణిపాకపు ప్రాంతమువారికి క్రొత్త కాదు; త్రాగుడు మానుదునని వరసిద్ధి వినాయకుని యెదుట ప్రమాణము చేయువా రచ్చట నేటికిని గలరు. ఆ పొరుగుననే యున్న చిత్తూరు, స్కడ్డరు సోదరులు 1853లో నెలకొల్పిన ఆర్కాటు మిషనుకు తొలి కేంద్రములలో నొకటి. శిశువులకు బాప్తిస్మమిచ్చు ఈ మిషను సంప్రదాయమున, పెరిగి పెద్దయైనవాడు తన విశ్వాసమును తానే ఒప్పుకొనిన పిదపనే ప్రభురాత్రి భోజనమునకు అర్హుడగుచుండెను.

ఐనను శిష్యత్వము నిబంధనమా, ఫలమా యను ప్రశ్న తీవ్రముగ ఎదురైన చోటు ఒంగోలు. 1866లో మాదిగ కులమువాడగు యర్రగుంట్ల పేరయ్య విశ్వసించిన తరువాత మాదిగపల్లెలనుండి వచ్చినవారికి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర విధించిన నియమములు మూడే: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు స్వల్పములే, కాని గొడ్డు చచ్చిన తోలు తీయుట, జాతరలో డప్పు కొట్టుట ఊరితో తరతరముల కట్టుబాటై యుండగా, ఆ పనులలో నొక్కటి మానినను రైతుకు కోపము, కూలికి ముప్పు.

1876–78 నాటి కరవున క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను గాని, గంజికొరకు మతము పుచ్చుకొందురను శంకచే పదునైదు నెలలు బాప్తిస్మము నిలిపివేసెను. రక్షణకు పరీక్ష పెట్టుట కాదిది, ఆకలిని విశ్వాసముగ లెక్కింపకుండుట. సాయము ముగిసిన పిదప 1878 జూలై 3న వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీట నిలిచి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అంతమందిని ఒక్కనాడు చేర్చుకొనుట తొందరపాటను ఆక్షేపణ రాకపోలేదు. దానిలో కొంత న్యాయమును గలదు. ఏలనన, చదువురాని ఆ జనమునకు ప్రార్థన నేర్పి, తగవులు తీర్చి, శిష్యులుగ దిద్దు భారము, రామాపట్టణపు వేదాంత పాఠశాలలో శిక్షణపొంది పల్లెపల్లెకు తిరిగిన బోధకులపై పడినది.