ద్వీపాంతరం నుంచి సమాజసేవ దాకా

నేను క్రాన్‌బర్న్‌లో ఉండే కంప్యూటర్ కన్సల్టెంటుని, లాయర్ని కాను. అయినా చరిత్ర మీద ఇష్టం కొద్దీ, కోర్టులు వేసే శిక్షలు ఎలా మారుతూ వచ్చాయో ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

"వాడిని ద్వీపాంతరం పంపేశారు" అని మన పెద్దవాళ్ళు అనేవారు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో ఉరి తర్వాత పెద్ద శిక్ష అదే. రంప పితూరీ అణిగాక అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని అలాగే అండమాన్‌కి పంపారు. తమాషా ఏమిటంటే, ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళ వలస మొదలైందే ఆ శిక్షతో. 1788 నుంచి 1868 దాకా లక్షా అరవై వేలకి పైగా ఖైదీలని ఓడలెక్కించి ఇక్కడికి తెచ్చారు. ఇండియాలో 1956 నుంచి ద్వీపాంతరం బదులు యావజ్జీవ ఖైదు వచ్చింది.

ఇక ఉరి. విక్టోరియాలో ఆఖరి ఉరి 1967 ఫిబ్రవరి 3న, పెంట్రిడ్జ్ జైల్లో రోనాల్డ్ రయన్‌కి. 1975లో ఆ శిక్షనే ఎత్తేశారు. అదే ఏడు డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యనీ, కిష్టాగౌడ్‌నీ ఉరి తీశారు. ఇండియాలో ఆ శిక్ష ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు విక్టోరియాలో శిక్షలకి ఆధారం 1991 నాటి చట్టం. అందులో శిక్షలు మెట్లలా ఉంటాయి. కింది మెట్టు, సత్ప్రవర్తనతో ఉంటానని హామీ రాసివ్వడం. ఆపైన జరిమానా. ఆపైన 2012లో వచ్చిన కమ్యూనిటీ కరెక్షన్ ఆర్డర్: ఇంట్లోనే ఉంటూ, అధికారి పర్యవేక్షణలో, కోర్టు చెప్పినట్టు జీతంలేని పనో, చికిత్సో చెయ్యాలి. చివరి మెట్టు జైలు. కింది మెట్టుతో పని జరిగితే పై మెట్టు ఎక్కకూడదన్నది ఆ చట్టం సూత్రం. జైలుశిక్ష వేసి అమలు ఆపి ఉంచే పద్ధతి మాత్రం 2014 సెప్టెంబరుతో పూర్తిగా పోయింది. ఇండియా కూడా 2024 జులై 1 నుంచి చిన్న నేరాలకి సమాజసేవని శిక్షల్లో చేర్చింది.

మనవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఇక్కడి పౌరసత్వం లేనివారికి ఏడాది, అంతకు మించి జైలుశిక్ష పడితే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. పేరు ద్వీపాంతరం కాదు గానీ, సముద్రం దాటించడమే!

అందుకని పిల్లలకి కోర్టు కాగితం వస్తే పరువు పోతుందని దాచకండి. జరిమానాతో పోయే కేసులోనైనా, నేరం రికార్డుకెక్కాలా వద్దా అన్నది చాలాసార్లు మేజిస్ట్రేటు చేతిలో ఉంటుంది. ముందే లాయర్ని కలవండి; విక్టోరియా లీగల్ ఎయిడ్‌లో ఉచితంగా సలహా అడగొచ్చు.

సెలవు.