రామదండు

ఊడ్పుల కాలమున మన కృష్ణా డెల్టాలో పొలముగట్టున నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. పది ఊళ్లనుండి పదిమందిని కూలికి పిలిచినచో వారు పదిమందియే. ఒక ముఠాగా కలసి వచ్చినవారు మాత్రము ఆ లెక్కకు మించిన పని చేయుదురు. పాట ఎవరు ఎత్తవలెనో, ఎవరు అందుకొనవలెనో, వెనుకబడిన ముసలమ్మ వరుసను ఎవరు ముగింపవలెనో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ పొందిక మడిలో దిగిన తరువాత పుట్టునది కాదు.

నేడు పట్టణములలోని కార్యాలయములవారు తమ ఉద్యోగులలో ఇట్టి పొందిక కలుగవలెనని ఆటలు, విహారయాత్రలు ఏర్పాటు చేయుచున్నారు. మంచిదే. కాని ఒక్క దినము తాడులాగుడు ఆడించి మరునాటికి ఐకమత్యము పండవలెననుట, విత్తిన సాయంకాలమే కొడవలి నూరుకొనుట వంటిది. ఈ విషయమును మన ప్రాంతమున నూరేండ్లకు పూర్వమే గ్రహించి ఆచరించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

వీరు 1889లో నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది, తిరిగివచ్చి కొంతకాలము ఉపాధ్యాయులుగా ఉండి, పిదప చీరాలలో స్థిరపడిరి. గానము, చాటుకవిత్వము, హాస్యము మూడును వారికి సొమ్ములు. స్వరాజ్యోద్యమ సేవకై వారు యువకులను కూర్చి తీర్చినదే రామదండు.

పేరు పెట్టుటతోనే సగము పని నెరవేరినదని నా తలంపు. వాలంటీరు అనిన పల్లెవాని గుండె కదలదు. రామదండు అనినంతనే వారధి కట్టిన వానరులును, ఇసుక రాల్చిన ఉడుతయును కన్నులయెదుట నిలుతురు. అక్కడ ఎవరి పని ఎంత చిన్నదైనను రాముని పనియే కదా! దండువారికి కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నుదుట సిందూరము వేషము. భక్తియు క్రమశిక్షణయు కలిపి వారికి నేర్పిరి. అందఱి వేషమొక్కటియైనచోట ఎవరు ఏ ఇంటివాడో విచారించు పని తగ్గును.

వారికి పరీక్ష 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో వచ్చినది. అఖిలభారత కాంగ్రెసు సంఘము నాడు బెజవాడలో సమావేశమైనది. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కావలెనని నిర్ణయించినది ఈ సభయే. గాంధీగారిని చూచుటకు జనము వెల్లువవలె వచ్చిరి. ఆ సమ్మర్దమును అదుపున ఉంచు భారము రామదండుపై పడెను. దానిని వారు నిర్వహించి కీర్తి పొందిరి. లాఠీతో గుంపును ఆపవచ్చును. ఉత్తచేతులతో ఆపవలెనన్నచో ప్రక్కనున్నవాడు తన తావు విడువడను నమ్మకము ప్రతివానికి ఉండవలెను. అట్టి నమ్మకము సభనాటి ఉదయమున ఉత్తరువిచ్చిన వచ్చునా?

అంతకంటె కఠినమైన పని చీరాలలో కాచియుండెను. చీరాల, పేరాల గ్రామములను ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చగా పన్నులు ఎన్నో రెట్లు పెరిగినవి. ప్రజలు ఒప్పుకొనలేదు. 1921 వేసవిలో సుమారు 15,000 జనములో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. ఆ నూతన గ్రామమునకు రామనగరమని పేరు. తగవులు తీర్చుటకు తమ పంచాయతిని తామే నిలుపుకొనిరి. ఎండ, వాన, ఈదురుగాలి ఓర్చుకొని దాదాపు పదునొకండు నెలలు అచ్చట గడపిరి. ఇంతమంది చెదరక నిలుచుటకు గోపాలకృష్ణయ్యగారి వాక్కును, రామదండు సేవయును ఆధారములు.

అయితే లోపమును కూడ చెప్పవలెను. అదే సంవత్సరమున బరంపురమున గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించి, ఒక సంవత్సరము చెరసాలకు పంపిరి. నాయకుడు దూరము కాగా, ధనము కఱవు కాగా, 1922లో ప్రజలు ఒక్కరొక్కరుగా పాత ఇండ్లకు మరలిరి. దండు ఆయన కంఠమునకు అలవడినది. ఆ కంఠము వినబడనపుడు పాట అందుకొనగల రెండవవాడు అంతటివాడు సిద్ధము కాలేదు. ఊడ్పుల ముఠాలో ఈ చిక్కు లేదు. అక్కడ పాట ఎత్తునామె ఆనాడు రాకపోయినను మఱియొకతె ఎత్తుకొనును.

గోపాలకృష్ణయ్యగారు 1928 జూన్ 10న, ముప్పదితొమ్మిది యేండ్లు నిండిన కొలది దినములకే మరణించిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయము వారి బిరుదముమీదనే ఆంధ్రరత్న భవనమని పిలువబడుచున్నది. దండులో నడచిన సామాన్యుల పేర్లు చాలవరకు ఏ గోడమీదను లేవు.