హెరొడోటసు చూపిన క్షెర్‌క్సీసు

సముద్రమును కొరడాలతో కొట్టించిన రాజుగా క్షెర్‌క్సీసు పేరు లోకమునకు తెలియును. క్రీ. పూ. 480లో గ్రీసుపై దండెత్తిన ఈ పారశీక చక్రవర్తి, హెల్లెస్పాంటు జలసంధిపై కట్టించిన వంతెనలు తుపానుకు తెగిపోగా, నీటికి 300 కొరడాదెబ్బలు వేయించి, సంకెళ్ల నందులో పడవేయించి, వంతెనలు కట్టించినవారి తలలు తీయించెనట. కథ హెరొడోటసు వ్రాసినదే. కాని దీనిని మాత్రమే పట్టుకొని, ఆ చరిత్రకారుడు శత్రురాజును వట్టి ఉన్మత్తునిగా చిత్రించెననుట సరికాదని మా తలంపు.

హెరొడోటసు పుట్టిన హాలికర్నాససు ఆనాడు పారశీకుల యేలుబడిలోనిది. ఆ యూరి రాణి ఆర్టెమీసియా ఐదు నావలతో క్షెర్‌క్సీసు పక్షముననే పోరాడినది. గ్రీకుల ఘనకార్యములతో పాటు పరజాతుల ఘనకార్యములును మఱపున పడరాదని అతడు గ్రంథారంభముననే చెప్పుకొనెను. ఈ సమదృష్టికై తరువాతి కాలమున ప్లూటార్కు అతనిని పరజాతి పక్షపాతియని నిందించెను. మాకది నిందగా తోచదు.

ఆబిడోసు నగరమున క్షెర్‌క్సీసు తన సేనావాహినిని చూచి మొదట ఉప్పొంగెను. పిదప కన్నీరు పెట్టుకొనెను. నూఱేండ్లకు వీరిలో ఒక్కడును మిగులడు గదా యని అతని దుఃఖము. ఇట్టి మాట శత్రువు నోట పలికించుటకు చరిత్రకారునికి గుండె కావలెను. అయితే ఈ కన్నీటికి కొంచెము ముందే జరిగిన పని వినుడు. లిడియా దేశీయుడగు పిథియసు తన ధనమంతయు యుద్ధమునకిచ్చెదననగా, రాజు మెచ్చి, అతని 39,93,000 బంగారు నాణెములకు తక్కువైన 7,000 తానే యిచ్చి నలువది లక్షలు పూర్తి చేసెను. ఆ వృద్ధుడే తన యైదుగురు కొడుకులలో పెద్దవానిని మాత్రము తనకు విడువుమని వేడుకొనగా, ఆ కొడుకును రెండుగా నఱికించి, ఆ తునకల నడుమ సేనను నడిపించెను. ఔదార్యము, క్రౌర్యము రెండును ఒక్క చేతివే. హెరొడోటసు ఒకదానికొఱకు మఱియొకదానిని దాచలేదు.

ఈ రాజు సలహాలు విననివాడు కాడు. స్పార్టానుండి వెడలగొట్టబడిన రాజు డెమరాటసు, గ్రీకులు లొంగరని ముఖముననే చెప్పగా నవ్వి యూరకుండెను. సలామిసుకడ యుద్ధమునకు ముందు నాయకులందఱి యభిప్రాయ మడిగెను. అందఱును పోరుడనిరి, నావికాయుద్ధము వలదన్నది ఆర్టెమీసియా యొక్కతెయే. ఆమెకు శిక్ష తప్పదని ఓర్వలేనివారు సంతోషించిరి. రాజు కోపింపలేదు సరికదా, ఆమెను మునుపటికన్న మిన్నగా మెచ్చెను. కాని ఎక్కువమంది మాటనే పాటించెను. యుబోయాకడ తాను చూచుచుండకపోవుటచేతనే తనవారు సరిగా పోరలేదని అతని నమ్మకము.

కావున కొండపాదమున కూర్చుండి తానే చూచెను. పరాక్రమించిన నావికుల పేర్లను లేఖకులు వ్రాసికొనుచుండిరి. నిజముగానే వారానాడు మునుపటికన్న బాగుగ పోరిరని హెరొడోటసు ఒప్పుకొనును. అయితే ఏమి జరిగెను? ముందటి నావలు ఓడి వెనుకకు మరలుచుండగా, వెనుకవారు రాజు కంట పడవలెనని ముందుకు తోసికొనివచ్చి తమవారినే ఢీకొనిరి. మా దృష్టిలో ఈ గ్రంథమున క్షెర్‌క్సీసు నాయకత్వమును గూర్చిన గట్టి విమర్శ యిదియే. కొరడా కథ దీనిముందు వట్టి వేడుక.

ఓటమి పిమ్మట మర్డోనియసు తాను సేనతో నిలిచెదననెను. నీవు మరలిపొమ్మని ఆర్టెమీసియాయు చెప్పెను. ఈమాఱు ఆమె మాట అతనికి మిక్కిలి రుచించెను. లోకమందలి స్త్రీపురుషులందఱును ఉండుమని చెప్పినను అతడుండెడివాడు కాడు, అంతగా భయపడియుండెనని హెరొడోటసు చేర్చును. తన బిడ్డలను ఎఫెససునకు చేర్చు పనిని రాజు ఆమెకే అప్పగించెను.