పారదర్శక పసుపు ఐరన్ ఆక్సైడ్

పారదర్శక పసుపు ఐరన్ ఆక్సైడ్ ఇనుము లవణాల నుండి తయారుచేసే ఒక అకర్బన వర్ణకం. రసాయనికంగా ఇది గోథైట్ అనే ఖనిజమే, అనగా ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్. కలర్ ఇండెక్స్‌లో దీని పేరు పిగ్మెంట్ యెల్లో 42, సంఖ్య 77492. మామూలు పసుపు ఐరన్ ఆక్సైడ్‌కు కూడా ఇదే పేరు, ఇదే సంఖ్య వర్తిస్తాయి. రెండింటి మధ్య తేడా కణాల పరిమాణంలో మాత్రమే ఉంది. వేడికి ఎర్రబడటం ఈ వర్ణకపు ప్రధాన లోపం. కణాలు సన్నబడేకొద్దీ ఈ లోపం పెరుగుతుంది. కాబట్టి పారదర్శకత చెడకుండా ఉష్ణ స్థిరత్వం సాధించటమే దీని తయారీలో ముఖ్యమైన సమస్య.

పారదర్శకతకు కారణం

గోథైట్ వక్రీభవన గుణకం సుమారు 2.3. రంగులలో వాడే రెజిన్ల గుణకం సుమారు 1.5. ఈ వ్యత్యాసం వలన మామూలు వర్ణక కణాలు కాంతిని బలంగా వెదజల్లి, అడుగున ఉన్న తలాన్ని కప్పివేస్తాయి. దృశ్య కాంతి తరంగదైర్ఘ్యం 400 నుండి 700 నానోమీటర్లు. కణాలు అంతకంటే బాగా చిన్నవైనపుడు వెదజల్లటం దాదాపు ఆగిపోతుంది, శోషణ మాత్రం మిగులుతుంది. పారదర్శక రకంలో కణాలు సూదుల ఆకారంలో, సుమారు 50 నుండి 100 నానోమీటర్ల పొడవుతో ఉంటాయి. ఇవి నీలి కాంతిని, అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని మిగిలిన కాంతిని సాగనిస్తాయి.

వేడికి ఎర్రబడటం

గోథైట్ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ సమూహాలు వేడికి నీటిగా విడిపోతాయి. అపుడు మిగిలేది హెమటైట్, అనగా జేగురుకు ఎర్రదనాన్నిచ్చే ఐరన్ ఆక్సైడ్. లెక్క ప్రకారం 177.7 గ్రాముల గోథైట్ నుండి 159.7 గ్రాముల హెమటైట్, 18 గ్రాముల నీరు వస్తాయి. అనగా బరువులో సుమారు 10 శాతం నీరుగా పోతుంది. ఈ మార్పు కణపు ఉపరితలం నుండి మొదలవుతుంది. సన్నని కణాలకు బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ కనుక అవి త్వరగా ఎర్రబడతాయి. పూత లేని పసుపు వర్ణకాలను సాధారణంగా 180 డిగ్రీల సెల్సియస్ లోపలే వాడతారు. ఇదే మార్పును కావాలని జరిపించి, పారదర్శక పసుపును కాల్చి పారదర్శక ఎరుపు వర్ణకాన్ని తయారుచేస్తారు.

తయారీ

ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్ లేదా సోడియం కార్బొనేట్ కలిపితే ఫెర్రస్ హైడ్రాక్సైడ్ లేదా కార్బొనేట్ అవక్షేపంగా ఏర్పడుతుంది. ఇందులోకి గాలి పంపితే అది మొదట నీలి ఆకుపచ్చగా, తరువాత పసుపుగా మారుతుంది. ఈ దశలో ఉష్ణోగ్రత, క్షారత, గాలి వేగం మూడింటినీ అదుపులో ఉంచాలి. అదుపు తప్పితే నల్లని మాగ్నెటైట్ గాని, నారింజ రంగు లెపిడోక్రోసైట్ గాని ఏర్పడి రంగు చెడుతుంది.

మామూలు వర్ణకాన్ని తయారుచేసే పెన్నిమన్ పద్ధతిలో ముందుగా సన్నని బీజ కణాలను తయారుచేసి, తుక్కు ఇనుము సమక్షంలో వేడిచేస్తూ వాటిని పెంచుతారు. పారదర్శక రకంలో బీజాలను పెరగనీయరు. తరువాత లవణాలు పోయేవరకు కడిగి, వడగట్టి, ఆరబెడతారు. ఆరేటపుడు కణాలు ఒకదానికొకటి గట్టిగా అంటుకుంటాయి. వీటిని తిరిగి విడదీయకపోతే పారదర్శకత రాదు.

ఉష్ణ స్థిరత్వం కల్పించే పద్ధతులు

* ఉపరితల పూత: వర్ణకం నీటిలో ఉండగానే సోడియం అల్యూమినేట్ లేదా అల్యూమినియం సల్ఫేట్ కలిపి, పీహెచ్‌ను మార్చి, కణాలపై అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరను ఏర్పరుస్తారు. సోడియం సిలికేట్‌తో సిలికా పొరను కూడా వేయవచ్చు.
* స్ఫటికంలో ప్రత్యామ్నాయం: కొన్ని ఇనుము అయాన్ల స్థానంలో అల్యూమినియం అయాన్లు చేరితే నీరు విడిపోయే ఉష్ణోగ్రత పెరుగుతుంది.
* ఆటోక్లేవ్ చర్య: క్షార ద్రావణంలో అల్యూమినియం సమ్మేళనంతో కలిపి పీడనం కింద వేడిచేస్తారు.

పూత మందమైతే రంగు బలం తగ్గుతుంది. పూత కణాలను ఒకదానితో ఒకటి అతికిస్తే పారదర్శకత పోతుంది. పలుచని పొర కణమంతటినీ సమంగా కప్పినపుడే ఫలితం ఉంటుంది.

పరీక్ష

వర్ణకాన్ని ప్లాస్టిక్‌లో కలిపి, ఉష్ణోగ్రతను క్రమంగా పెంచుతూ అచ్చు పలకలు తీస్తారు. ఒక్కొక్క ఉష్ణోగ్రత వద్ద కరిగిన ప్లాస్టిక్‌ను కొన్ని నిమిషాలు నిలిపి ఉంచి, పలకల రంగును తక్కువ ఉష్ణోగ్రత వద్ద తీసిన పలకతో పోల్చి కొలుస్తారు. రంగు తేడా నిర్ణీత హద్దును చేరే ఉష్ణోగ్రతే ఆ వర్ణకానికి పరిమితి. ఉష్ణోగ్రతతో పాటు వేడిలో ఉన్న కాలం కూడా ముఖ్యమే.

ఉపయోగాలు, పరిమితులు

చెక్క నగిషీ కనబడేలా వేసే పూతలలో ఈ వర్ణకం విరివిగా వాడబడుతుంది. ఇది అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని చెక్కను కూడా కాపాడుతుంది. కార్లకు వేసే లోహపు మెరుపు రంగులలోను, ప్లాస్టిక్ వస్తువులలోను దీనిని వాడతారు. పౌడర్ పూతలను 160 నుండి 200 డిగ్రీల వద్ద కాలుస్తారు కనుక అక్కడ ఉష్ణ స్థిరత్వం అవసరమవుతుంది. పూత వేసిన రకాలు సుమారు 240 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్‌ను 260 డిగ్రీల పైన కరిగించి మలుస్తారు కాబట్టి దానికి ఇవి చాలవు. ఇంకా ఎక్కువ వేడికి జింక్ ఫెర్రైట్ (పిగ్మెంట్ యెల్లో 119) ఉపయోగపడుతుంది. దానిలో హైడ్రాక్సిల్ సమూహాలు లేవు కనుక అది ఈ విధంగా ఎర్రబడదు.

ఇవి కూడా చూడండి

* గోథైట్
* హెమటైట్
* వర్ణకం